బెల్లం పడుకున్న గంప

మా ఇంట్లో పట్టుపురుగులు ఉన్నన్ని దినాలు మా అవ్వను పురుగుల కొట్టంలోకి రానిచ్చేవాళ్లు కాదు. అవ్వ పొగాకు నములుతుంది. ఆ చెయ్యి తగిలిన ఆకు తింటే పురుగు తల పైకెత్తి, పచ్చగా కక్కుకొని చచ్చిపోతుంది. అందుకని కొట్టం గడప ముందర నాయన బ్లీచింగ్ పౌడరుతో అడ్డంగా ఒక గీత పోసేవాడు. అవ్వ ఆ గీతకు ఇవతల గోనెసంచి పరుచుకొని కూర్చునేది. చెయ్యి పెట్టే వీలు లేదు కాబట్టి అన్నిటిలో నోరు పెట్టేది.

కట్టుబాట్లు అవ్వకొక్కదానికే కాదు. పంట ముగిసేదాకా నాయన బీడీ ముట్టడు. అమ్మ ముఖానికి పౌడరు పూసుకోదు. దేవుని గూట్లో దీపం పెడతారు గానీ ఊదుబత్తి వెలిగించరు. దోమలు ఎంత పీకినా చక్రం ముట్టించరు. "అవి నోరు లేనివి, మనం ఏం పెడితే అది తింటాయి" అనేవాడు నాయన. ఆ మాట పుట్టినప్పటినుంచి వింటున్నదే కాబట్టి నాకు బాగా తెలుసనుకునేదాన్ని.

మా ఊరికి రావాలంటే హిందూపురం నుంచి పెనుకొండ పోయే బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. ఊళ్లో పది పదిహేను ఇండ్లవాళ్లు పురుగులు మేపేవాళ్లు, మిగిలినవాళ్లు శనక్కాయ పెట్టేవాళ్లు. నాతో ఆరో తరగతి చదివే ఆయేషా వాళ్లది శనక్కాయ ఇల్లు. 1997 ఆగస్టులో వాళ్ల కుక్క గడ్డివాము కింద నాలుగు పిల్లలను పెట్టింది. మూడింటిని ఎవరెవరో తీసుకుపోయారు. మిగిలినదాన్ని ఆయేషా వాళ్లమ్మ హజరాబీ అత్త నా చేతుల్లో పెట్టి, మీ నాయన వద్దంటే తెచ్చిచ్చెయ్ పాపా, నేనేమీ అనుకోను అన్నది. పుస్తకాలు ఆయేషాకు ఇచ్చేసి, కుక్కపిల్లను బడి సంచిలో పెట్టుకొని ఇంటికి వచ్చాను.

నాయన కొట్టం బయట తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నా సంచి కదలడం చూశాడు.

"ఏముండాది దాంట్లో?"

"పుస్తకాలు నాయనా."

"ఏం పుస్తకాలు? కుయ్యి కుయ్యి అంటాండాయే."

అవ్వ గోనెసంచి మీదినుంచి పకపకా నవ్వింది. నేను సంచి దించి మూతి తీశాను. బతిమాలలేదు. బతిమాలితే నాయనకు కోపం వస్తుంది. నాయన తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ దానివైపు చాలాసేపు చూశాడు. పురుగులకు దినానికి నాలుగు తూర్లు ఆకు వెయ్యాలి, తట్టల అడుగు శుభ్రం చెయ్యాలి, తోటలో మల్బరీ ఆకు కొయ్యాలి, ఇంట్లో ఒక్కరికీ తీరిక లేదు, దీన్ని ఎవరు చూస్తారు అని అడిగాడు. నేను చూస్తానన్నాను.

"దీని తిండి నీది. దీని పెంట నీది. దీని ఏడుపు నీది," అన్నాడు నాయన. "దీనివల్ల ఒక్క పురుగుకు చేటొచ్చిందంటే మాత్రం బస్సెక్కించి గోరంట్ల సంతలో వదిలేసి వస్తా. అప్పుడు నువ్వు ఏడ్చి లాభం లేదు."

సరే అన్నాను. అవ్వ దాని వీపు మీద చెయ్యేసి, బెల్లం ముద్ద మాదిరి ఉండాది, బెల్లం అనే పిలుద్దాం అన్నది. గీతకు ఇవతల ఇన్నాళ్లూ ఒక్కదాన్నే కూర్చున్నా, ఇంక నాకొక జతగాడు దొరికినాడు అని కూడా అన్నది.

మొదటి వారం నేను చేసినవన్నీ తప్పులే. మేము తినే సంగటి ముద్ద పెట్టాను. అది ఆశగా మింగి అవ్వ గోనెసంచి మీదనే కక్కింది. అవ్వ నన్ను తిట్టి, రాగి గంజి పలచగా కాచి పాలు కలిపి చల్లార్చి పొయ్యమని చెప్పింది. పొద్దున్నే లేచి దాని పెంట మీద బూడిద చల్లి, చిప్పతో ఎత్తి దిబ్బలో వేసి, ఆ తర్వాతే తల దువ్వుకునేదాన్ని. బడికి బయలుదేరితే వీధి చివరిదాకా దాని ఏడుపు వినిపించేది.

ఒక దినం పరీక్ష ఉందని తొందరలో నీళ్లు పెట్టడం మరిచిపోయాను. సాయంత్రం వచ్చేసరికి అది నాలుక బయటపెట్టి, ఖాళీ చిప్పలో తల పెట్టుకొని పడుకొని ఉంది. నన్ను చూసి తోక ఊపింది. కోపం కూడా లేదు దానికి. అమ్మ ఆకు గంప దించుతూ నన్ను తిట్టలేదు. నేనొక పూట పురుగులకు ఆకు మరిచిపోతే ఏమయితాది పాపా అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి పోయింది. ఆ తర్వాత నేనెప్పుడూ నీళ్లు మరవలేదు.

మా మల్బరీ తోటకూ తిమ్మరాజు మామ శనక్కాయ చేనుకూ నడుమ ఒకటే గట్టు. శనక్కాయకు మందు చల్లితే గాలికి మా ఆకు మీద పడుతుంది, ఆ ఆకు పురుగుకు విషం. అందుకని మా ఊళ్లో ఒక వాడుక ఉండేది. మందు చల్లేవాళ్లు ముందురోజే పురుగులవాళ్లకు చెప్పాలి. ఆ ఏడు చేలల్లో ఎర్ర గొంగళిపురుగు విపరీతంగా పడింది. అందరూ పొడిమందు చల్లుకున్నారు. తిమ్మరాజు మామ మాత్రం మా నాయనతో, మీ పురుగులు గూడు కట్టేదాకా నేను చల్లనులే నరసింహులూ అన్నాడు. ఆయనా, ఆయన పెండ్లాం ఎల్లమ్మత్తా చెరొక కుండ పట్టుకొని, సాలుసాలుకూ వంగి గొంగళిపురుగులను చేత్తో ఏరి కుండలో వేస్తుంటే బడికి పోతూ రోజూ చూసేదాన్ని.

మా పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పురుగు తోలు విడిచే ముందు ఒక దినం తినకుండా, కదలకుండా తల ఎత్తి కూర్చుంటుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఆకలి ఎక్కువ. గంపలకొద్దీ ఆకు తెచ్చినా చాలదు. అమ్మానాయనా తోటకూ కొట్టానికీ నడుమ పరుగులు తీస్తున్నారు. ఇంకొక నాలుగైదు దినాలు గడిస్తే పురుగులు పండి గూడు కడతాయి.

సరిగ్గా అప్పుడే బెల్లానికి గోమార్లు పట్టాయి. వానలకు తడిసిన గడ్డిలో పొర్లేది. చెవుల సందుల్లో, కాలివేళ్ల నడుమ రక్తం తాగి ఆముదం గింజలంత ఉబ్బి కూర్చున్నాయి. గోక్కుని గోక్కుని చెవి పుండు చేసుకుంది. అమ్మకు చూపించాను. పురుగులు గూడు కట్టనీ పాపా, తర్వాత చూద్దాం అన్నది. అంతదాకా అది ఆగదనిపించింది. ఆయేషాను అడిగాను. చేనుకు చల్లే పొడి కొంచెం పూస్తే ఒక్క దినంలో రాలిపోతాయి, మా కుక్కకు అట్లే చేస్తామని చెప్పింది. నాకు కొంచెం తెచ్చియ్యమన్నాను. శనివారం బడి వదిలాక కాగితం పొట్లం కట్టి తెచ్చిచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటి వెనక, కొట్టానికి దూరంగా కూర్చొని బెల్లానికి ఆ పొడి పూశాను. తెల్లని పొడి, ముక్కు మండే వాసన. పురుగుల సంగతి నేను మరిచిపోలేదు. పొట్లం కాగితం వీధి అవతల పాతిపెట్టాను. చేతులు సబ్బుతో రెండు తూర్లు రుద్ది కడుక్కున్నాను. పొడి పూసిన ఒంటితో కొట్టం దిక్కు పోతుందేమోనని, కోడిపిల్లలను మూసినట్లు గోడకు తగిలించిన గంప తెచ్చి దాని మీద మూశాను. అది లోపల కాసేపు గోకి గోకి పడుకుంది. పొద్దు వాలేముందు లేపి వదిలిపెట్టి, గంప ఎప్పటిమాదిరే మేకుకు తగిలించాను. అప్పటికే రెండు గోమార్లు రాలిపడి ఉన్నాయి. ఎంత బాధ్యతగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

సోమవారం పొద్దున అమ్మ కొట్టంలోంచి నాయనను పిలిచింది. పేరు పెట్టి పిలిచింది. అమ్మ ఎప్పుడూ నాయనను పేరు పెట్టి పిలవదు.

ఎడమవైపు స్టాండులో ఆరు తట్టలు. వేలెడంత పొడుగున్న పురుగులు సగానికి కుంచించుకుపోయాయి. కొన్ని తలలు ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, నోళ్లలోంచి పచ్చని నీళ్లు కారుతున్నాయి. నాయన ఒక పురుగును అరచేతిలో పెట్టుకొని వెలుతురులోకి తెచ్చి చూశాడు. ఇది రోగం కాదు, మందు అన్నాడు.

"నేను గీత దాటలేదప్పా. నా దిక్కు చూడొద్దు," అన్నది అవ్వ.

నాయన అవ్వ దిక్కు చూడలేదు. చేను దిక్కు చూశాడు. తిమ్మరాజు చల్లినాడు అని, చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. గట్టు మీద నిలబడి నాయన అన్న మాటలు వీధిలోకి వినిపించాయి. మాట ఇచ్చి తప్పినావన్నాడు, నా ఇంటి నోటికాడి కూడు తీసినావన్నాడు. తిమ్మరాజు మామ చేతిలో కుండ అట్లే పట్టుకొని, నేను పిడికెడు కూడా చల్లలేదు నరసింహులూ అంటూనే ఉన్నాడట. నాయన వినలేదు.

తిరిగి వచ్చి కొట్టం ముందర కూర్చున్నాడు. తోటలో ఆకు విషమైతే ఆ ఆకు వేస్తే మిగిలిన పురుగులూ చస్తాయి. వెయ్యకపోతే ఆకలికి చస్తాయి. ఊళ్లో అందరి పురుగులూ పెద్దవయ్యాయి, ఎవరి ఆకు వాళ్లకే చాలదు, ఎవర్ని అడిగేది అని అమ్మ అన్నది. నాయన లేచి పార తీసుకొని దిబ్బ పక్కన గుంత తవ్వడం మొదలుపెట్టాడు. అన్నీ పూడ్చేద్దాం, కళ్లముందర ఆకలికి చచ్చేది చూడలేను అన్నాడు. మూడు స్టాండ్ల పురుగులు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చసాగింది.

నేను జడకు రిబ్బను కట్టుకుంటూ గడప దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ నిన్న సాయంత్రం ఆకు తెచ్చిన గంపలు మూడూ అక్కడే ఉన్నాయి. ఒక గంప లోపల, వెదురు బద్దల సందుల్లో తెల్లగా ఏదో కనిపించింది. వంగి చూశాను. పొడి. దానికి అంటుకొని నాలుగైదు బెల్లం రంగు వెంట్రుకలు.

బెల్లం అవ్వ పక్కన తన తోకను తానే కొరుక్కుంటూ ఆడుకుంటోంది. దాని చెవి కొంచెం మానింది. గోరంట్ల బస్సు పదిగంటలకు రోడ్డు మీదికి వస్తుంది. ఎవరూ గంపలోకి చూడలేదు. తిమ్మరాజు మామ తినవలసిన తిట్లు ఎట్లాగూ తినేశాడు. ఇవన్నీ ఒక్కసారే నా తలలోకి వచ్చాయి. రిబ్బను ముడి పడలేదు. దాన్ని అట్లే వదిలేసి గుంత దగ్గరికి పోయాను.

"తవ్వొద్దు నాయనా."

పార ఆగలేదు.

"ఆకులో ఏమీ లేదు. మందు గంపలో ఉండాది. నిన్న బెల్లానికి నేనే పూసినా. పూసి ఆ గంప కింద మూసినా."

పార ఆగింది. నాయన గుంతలోంచి నావైపు చూశాడు. పైకెక్కి వచ్చి గంప ఎత్తి వాసన చూశాడు. దాన్ని తీసుకుపోయి దూరంగా వేప చెట్టు కింద పెట్టి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కొని వచ్చి అమ్మను అడిగాడు.

"నిన్న సాయంత్రం ఆ గంపలో ఆకు ఏ స్టాండుకు వేస్తివి?"

"ఎడమ దానికి."

"తక్కినవాటికి?"

"ఆ రెండు గంపల్లోదే."

నాయన లోపలికి పోయాడు. నేనూ గడపదాకా పోయాను. మిగిలిన రెండు స్టాండ్లలో పురుగులు తలలెత్తి ఉన్నాయి, కానీ కక్కుకోవడం లేదు. ఆకలికి ఎత్తిన తలలు అవి. అయినా నాయన తొందరపడలేదు. తోటకు పోయి తిమ్మరాజు మామ గట్టు పక్కనుంచే పిడికెడు ఆకు కోసుకొచ్చి ఒక్క తట్టకు వేసి, దాని ముందర కూర్చున్నాడు. గంటసేపు ముగ్గురమూ ఆ తట్టనే చూశాం. ఆకు ఈనెలే మిగిలాయి. పురుగులు ఇంకా కావాలన్నట్లు అంచులదాకా పాకాయి.

"ఆకు బాగుండాది," అన్నాడు నాయన. మిగిలిన ఈనె ఒకటి ఎత్తి చూసి మళ్లీ అన్నాడు. "ఆకు బాగుండాదే."

అమ్మ అప్పటికే గంప చంకన పెట్టుకొని సగం దూరం పోయింది.

తవ్విన గుంత ఆరు తట్టలకు సరిపోయింది. వాటిని నేనే మోసుకుపోయి వేశాను. ఎవరూ చెప్పలేదు. ఆ మందు ఎవరిచ్చినారని నాయన అడిగితే, ఎవరూ ఇయ్యలేదు, నేనే అడిగి తెచ్చుకున్నానని చెప్పాను. మళ్లీ అడగలేదు. బెల్లం గురించి పగలంతా ఒక్క మాట కూడా అనలేదు. పదిగంటల బస్సు పోయింది. సాయంత్రం బస్సుకు తీసుకుపోతాడనుకొని దాని చిప్ప కడిగి, తాడు చుట్టి, బడి సంచిలో పెట్టి అరుగు మీద కూర్చున్నాను. అవ్వ నా పక్కకు జరిగి కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ పూట పొగాకు కూడా నమలలేదు.

నాలుగో మేత వేసి నాయన బయటికి వచ్చాడు. ఒక చేతిలో శీకాయ పొడి, ఒక చేతిలో ఉప్పునీళ్ల చెంబు.

"దాన్ని పట్టుకో."

పట్టుకున్నాను. నాయన బెల్లాన్ని శీకాయతో రుద్ది మూడు తూర్లు నీళ్లు పోశాడు. అది వణుకుతూ నా ఒళ్లో దూరింది. తర్వాత నాయన నేల మీద కూర్చొని దాని చెవి వెనక్కి మడిచాడు.

"గోరుతో గిల్లకూడదు. గిల్లితే తల లోపలే ఉండిపోతాది. ఇదో, చర్మానికి ఆనించి పట్టుకోవల్ల. తిన్నగా లాగల్ల. లాగినదాన్ని ఉప్పునీళ్లలో వెయ్యల్ల. ఇప్పుడు నువ్వు తియ్యి."

తీశాను. రెండోది తీశాను. మూడోదానికి చెయ్యి కుదిరింది.

"ఇట్ల ఎన్ని దినాలు ఏరల్ల నాయనా?"

"అది బతికినన్ని దినాలు."

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. గోరంట్లకు ఎప్పుడు తీసుకుపోతావని అడిగాను. నాయన దాని చెవి మీదినుంచి తల ఎత్తలేదు.

"గోరంట్లలో దీనికి ఎవరు ఏరుతారు?" అన్నాడు.

మరునాడు పొద్దున మేత అయిపోయాక నాయన నన్ను పిలిచి రెండు కుండలు తెమ్మన్నాడు. గట్టు దాటి తిమ్మరాజు మామ చేలోకి పోయాం. నాయన ఒక సాలు పట్టుకొని వంగి గొంగళిపురుగులు ఏరడం మొదలుపెట్టాడు. చెప్పవలసింది నేను కాబట్టి, గంప సంగతంతా తిమ్మరాజు మామకు నేనే చెప్పాను. ఆయన నడుము మీద చెయ్యి పెట్టుకొని అంతా విన్నాడు.

"మీ నాయన నిన్న తిట్టిన తిట్లకు నా చేలో పురుగులన్నీ చచ్చినాయనుకుంటి పాపా," అన్నాడు. "సూస్తే ఒక్కటీ చావలే."

ఎల్లమ్మత్త నవ్వింది. రెండు సాళ్ల అవతల నాయన వీపు కూడా కదిలింది. నవ్వాడేమో, వంగి ఉన్నాడు కాబట్టి కనిపించలేదు. మా పురుగులు గూడు కట్టేదాకా ప్రతి పొద్దునా బడికి పోయేముందు ఒక గంట ఆ చేలో ఏరాను. సాయంత్రం ఇంటికి వచ్చి బెల్లం చెవుల్లో ఏరాను. ఒకటి దురద పెడుతుంది, ఒకటి పెట్టదు. అంతే తేడా.

రెండు స్టాండ్ల పురుగులూ పండి చంద్రికల మీదికి ఎక్కాయి. చంద్రిక అంటే వెదురు చాప మీద గుండ్రంగా బద్ద చుట్టినది. దాని సందుల్లో పురుగు గూడు కట్టుకుంటుంది. మూడో దినానికి కొట్టమంతా తెల్లగా మారింది. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయేటప్పుడు నాయన నన్నూ బస్సెక్కించాడు. ఈ గూళ్ల దారం ధర్మవరం మగ్గాల మీద చీరలవుతుందని దారిలో చెప్పాడు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. ఇప్పుడు ఆ ధర్మవరంలోనే ఉద్యోగం. వీధిలో నడుస్తుంటే కిటికీల్లోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే, ఎవరికో చూపించాలన్నట్లు నా చేతులు వాటంతట అవే వెల్లకిలా తిరుగుతాయి.

ఎందుకంటే ఆ సోమవారం తర్వాత ప్రతి మేతకూ నాయన గీత దగ్గర నన్ను ఆపి "చేతులు" అనేవాడు. చాపితే వాసన చూసి లోపలికి పంపేవాడు. కోపంగా కాదు, ఆకు తడిగా ఉందేమో చూసినట్లు చూసేవాడు. నాకు సిగ్గుగా ఉండేది గానీ ఎప్పుడూ మొరాయించలేదు. ఆ గంపకు నాయన ఎర్ర గుడ్డ పీలిక కట్టి బెల్లానికి ఇచ్చేశాడు. ఎన్ని తూర్లు కడిగినా మళ్లీ దాంట్లో ఆకు వెయ్యలేదు. అవ్వ దాంట్లో తన పాత చీర మడిచి పరిచింది.

దసరా దాటినాక కొత్త పంటకు చిన్నపురుగులు తెచ్చారు. నాయన కొట్టం కడిగి, సున్నం కొట్టి, గడప ముందర కొత్తగా గీత పోశాడు. మొదటి మేతకు నేను చేతులు కడుక్కొని గీత దగ్గర నిలబడ్డాను. నాయన తోటలోంచి లేతాకు తెచ్చి గంప దించాడు. తొట్టి దగ్గరికి పోయి కడుక్కొని వచ్చాడు. నా చేతులు చూడలేదు. తన రెండు చేతులూ నా ముందర చాపాడు.

"చూడు," అన్నాడు.

ఆటకు కాదని ముఖం చూస్తే తెలిసింది. వంగి వాసన చూశాను. సబ్బు వాసన. సబ్బు కింద, వేళ్ల చివర, సన్నగా బీడీ వాసన. పంట లేని నెలన్నరా తాగుతాడు కదా, పోవడానికి టైము పడుతుంది.

"ఇంకొక తూరి కడుక్కో నాయనా," అన్నాను.

అవ్వ గోనెసంచి మీదినుంచి నోరు తెరవబోయి మూసుకుంది. నాయన వెనక్కి తిరిగి తొట్టి దగ్గరికి పోయి, పంచె ఎగజెక్కి కూర్చొని, సబ్బు తీసుకొని వేలివేలికీ రుద్దుకోవడం మొదలుపెట్టాడు. బెల్లం ఎర్ర పీలిక గంపలోంచి ఒక కన్ను తెరిచి ఆయనను చూసి, మళ్లీ పడుకుంది.